జైలా, నివారణా: ఆస్ట్రేలియా ఆదివాసీ ఇళ్ళలో హింస దేనితో తగ్గుతుంది?

ఇంటివాళ్ళ చేతిలో దెబ్బలు తిని ఆసుపత్రిలో చేరే పరిస్థితి, ఆస్ట్రేలియాలో మిగతా ఆడవాళ్ళకన్నా ఆదివాసీ ఆడవాళ్ళకు 32 రెట్లు ఎక్కువ. ఇది 2014–15 నాటి ప్రభుత్వ లెక్క. అదే దేశపు జనాభాలో నాలుగు శాతం కూడా లేని ఆదివాసీలు, జైళ్ళలో మాత్రం సుమారు మూడో వంతు ఉన్నారు. జైలే మందైతే ఈపాటికి జబ్బు తగ్గాలి కదా అనిపిస్తుంది. అంత తేలిగ్గా తేలదు. కొట్టేవాళ్ళు ఎక్కువున్నారు కాబట్టే లోపల ఎక్కువమంది ఉన్నారని జైలును సమర్థించేవాళ్ళూ అనగలరు. అందుకని రెండు దారులనూ విడివిడిగా చూద్దాం.

ముందు శిక్ష సంగతి. దాన్ని తీసిపారేసేవాళ్ళలో చాలామంది రాత్రి పదకొండింటికి తలుపు గడియ వేసుకుని గదిలో కూర్చోవలసిన అవసరం రానివాళ్ళు. ఆ గంటలో అక్కడికి రావలసింది పోలీసు జీపే, కౌన్సెలర్ కాదు. శిక్ష అసలే లేకపోతే ఏమవుతుందో అమెరికా చూపించింది. అక్కడి తెగల కోర్టులకు తెగకు చెందనివాళ్ళ మీద క్రిమినల్ కేసు నడిపే అధికారం లేదని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో ఆదివాసీ స్త్రీని ఆమె ఇంట్లోనే కొట్టిన బయటివాడిని ఆమె తెగ కోర్టు ముట్టుకోలేకపోయింది. గృహహింస కేసుల వరకైనా ఆ అధికారం తిరిగి రావడానికి 2013 దాకా పట్టింది. శిక్ష భయం లేనిచోట నివారణ మాటలు ఎవరి చెవికెక్కుతాయి?

మరి శిక్షకు పెద్దపీట వేసినచోట ఎలా ఉంది? ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో, అంటే నార్తర్న్ టెరిటరీలో, తీవ్రమైన గృహహింస జరిగిందని తెలిసిన పెద్దవాళ్ళెవరైనా పోలీసులకు చెప్పి తీరాలని 2009 నుంచి చట్టం ఉంది. పక్కింటివాళ్ళకైనా, నర్సుకైనా, సొంత అత్తకైనా మినహాయింపు లేదు. అక్కడ వందమంది పెద్దవాళ్ళలో ఒకరికి పైగా జైల్లో ఉన్నారు. ఖైదీల్లో 80 శాతానికి పైగా ఆదివాసీలే. అయినా గృహహింస హత్యల రేటు దేశ సగటుకు సుమారు ఏడు రెట్లని అక్కడి అధికారులే చెప్తున్నారు.

ఎందుకిలా? మొదటి కారణం, ఫోన్ చేయడానికే భయం. 1970ల దాకా ప్రభుత్వం ఆదివాసీ పిల్లలను తల్లుల ఒడిలోంచి లాక్కుపోయిన దేశం అది. ఈ రోజుకీ ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల్లో 40 శాతానికి పైగా ఆదివాసీ పిల్లలే. ఇంట్లో కొట్లాట జరిగిందని పోలీసులకు చెప్తే మొగుడితో పాటు పిల్లలూ పోతారేమోనన్న దడ ఊరికే పుట్టింది కాదు. ఎవరైనా విధిగా చెప్పాలన్న చట్టం ఆ దడను ఆసుపత్రి గడప దాకా తెచ్చింది. చేయి విరిగినా నర్సుకు నిజం చెప్పకుండా దాచే పరిస్థితి అది.

రెండోది ఇంకా ఘోరం. 2014లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని సౌత్ హెడ్‌లాండ్‌లో, రక్షణ ఉత్తర్వును, అంటే ఆమె జోలికి వెళ్ళొద్దన్న కోర్టు ఆదేశాన్ని, ఉల్లంఘించిన ఒకణ్ణి వెతుక్కుంటూ పోలీసులు ఒక ఇంటికి వెళ్ళారు. అతన్ని పట్టుకున్నారు, అక్కడే ఉన్న 22 ఏళ్ళ సహచరినీ పట్టుకున్నారు. ఆమె కట్టని జరిమానాలు 3,622 డాలర్లు ఉన్నాయట! అతను అంతకుముందు విరగ్గొట్టిన పక్కటెముక చీముపట్టి, ఆ విషం రక్తంలోకెక్కి, రెండు రోజుల తర్వాత ఆమె పోలీసు కస్టడీలో చనిపోయింది. నొప్పి నొప్పి అని అడిగితే నటిస్తోందనుకున్నారు. (చనిపోయినవారి పేరు పలకకపోవడం అక్కడ చాలా తెగల ఆచారం, అందుకే రాయడం లేదు.) క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో గృహహింస మరణాలను సమీక్షించిన మండలి కూడా ఇలాంటిదే బయటపెట్టింది. హత్యకు గురైన ఆడవాళ్ళలో దాదాపు సగం మందిని అంతకుముందు ఏదో ఒకసారి పోలీసులు దాడి చేసినవాళ్ళుగా రాసుకున్నారు. ఆదివాసీల విషయంలో దాదాపు అందరిదీ అదే కథ. తిరగబడిన ఆడదాన్ని, గొంతెత్తి అరిచిన ఆడదాన్ని చూసి నిందితురాలు అనేసుకోవడం మనకూ కొత్త కాదు.

మూడోది జైలు లోపలి సంగతి. కొన్ని నెలల శిక్ష పడ్డవాడికి, రిమాండులో ఉన్నవాడికి కోపం అదుపులో పెట్టుకోవడం నేర్పే తరగతులు సాధారణంగా అందవు. అవి పెద్ద శిక్షలవాళ్ళకే. వాడు అదే కోపంతో, ఈసారి ఉద్యోగం కూడా పోగొట్టుకుని, అదే ఇంటికి వస్తాడు. 1980లలో అమెరికాలోని మినియాపొలిస్‌లో జరిగిన ప్రయోగం, అరెస్టు చేస్తే మళ్ళీ కొట్టడం తగ్గుతుందని చూపించి పేరు తెచ్చుకుంది. అక్కడి మరో నగరం మిల్వాకీలో మళ్ళీ చేసి చూస్తే ఉద్యోగం ఉన్నవాళ్ళు జంకారు, లేనివాళ్ళు ఇంకా రెచ్చిపోయారు. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడికే శిక్ష భయం.

ఇక నివారణ. ఈ మాట వినగానే గోడ మీద పోస్టరు, హోటల్లో వర్క్‌షాపు గుర్తొస్తే తప్పు మనది కాదు, ప్రభుత్వాలు చేసింది ఎక్కువగా అదే. కానీ పశ్చిమ ఆస్ట్రేలియా కింబర్లీ ప్రాంతంలోని ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్‌లో 2007లో జరిగింది వేరు. ఆత్మహత్యలు, తాగుడు, తన్నులతో విసిగిన ఆడవాళ్ళు, జూన్ ఆస్కార్, ఎమిలీ కార్టర్ ముందు నిలబడగా, మద్యం లైసెన్సుల అధికారి దగ్గరికి వెళ్ళి పట్టుబట్టారు. ఇంటికి పట్టుకెళ్ళడానికి తక్కువ మత్తున్న బీరు తప్ప మరేదీ అమ్మకూడదన్నారు. ఊళ్ళో సొంతవాళ్ళే కొందరు తిట్టారు. ఆరు నెలలకని మొదలైన ఆంక్ష కొనసాగింది, ఏడాది తర్వాత చేసిన అధ్యయనంలో తాగి కొట్టుకునే కేసులు, ఆసుపత్రికొచ్చే గాయాలు తగ్గాయని తేలింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్ళు సారా కొట్టు మూయించిన సంగతి తెలిసినవాళ్ళకు ఇది వింతగా ఉండదు. నష్టాలూ ఉన్నాయి. కొందరు వేరే ఊళ్ళకెళ్ళి తాగారు, దొంగసరుకు వచ్చింది.

అదే మద్య నిషేధం రాజధాని కాన్‌బెర్రా నుంచి ఊడిపడితే ఫలితం వేరుగా ఉంది. 2007లోనే కేంద్ర ప్రభుత్వం జాతి వివక్ష నిరోధక చట్టాన్ని పక్కనపెట్టి మరీ ఉత్తర ప్రాంతపు ఆదివాసీ ఊళ్ళ మీద ఆంక్షలు రుద్దింది. ఊళ్ళను సిద్ధం చేయకుండానే 2022 జులైలో వాటి గడువు ముగిసింది. అక్కడి ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలో హింస ఒక్కసారిగా ఎగదన్నింది. 2023 ఫిబ్రవరిలో మళ్ళీ పెట్టక తప్పలేదు. ఆంక్ష పనిచేస్తుందని అది చెప్పింది, ఊరిని భాగస్వామిని చేయకపోతే నిలవదనీ చెప్పింది.

నాకు ఎక్కువ నచ్చినది మాత్రం బర్క్. సిడ్నీకి వాయవ్యంగా దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో, రెండున్నర వేలమంది ఉండే ఊరు. అక్కడ మరంగూక అనే ఆదివాసీ పథకంలో పోలీసులు శత్రువులు కారు. హింస ఫిర్యాదు వచ్చిన 48 గంటల్లో ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళి, ఎలా ఉన్నారు, ఏం కావాలని అడుగుతారు. ఆ వెళ్ళడంలోనే కాస్త బెదిరింపు, కాస్త ఆసరా రెండూ ఉన్నాయి. 2018లో కేపీఎంజీ అనే ఆడిట్ సంస్థ వేసిన లెక్కలో నమోదైన గృహహింస 23 శాతం తగ్గింది, పెద్దవాళ్ళు కస్టడీలో గడిపిన రోజులు 42 శాతం తగ్గాయి. చిన్న ఊరు కాబట్టి ఒకటి రెండు కుటుంబాలతోనే అంకెలు ఊగిపోతాయి, దాన్నే దేశమంతటికీ కొలబద్ద చేయలేం. అయినా రెండు అంకెలూ ఒకేసారి దిగడం నాకు ముఖ్యం. జైలు తగ్గిస్తే హింస పెరుగుతుందన్న వాదన ఆ ఊళ్ళో నిలవలేదు.

నివారణను నమ్మేవాళ్ళు మింగవలసిన చేదు ఒకటుంది. ఆలిస్ స్ప్రింగ్స్ శివారు బస్తీల్లో టాంగెంటియెరె మహిళల కుటుంబ భద్రతా బృందం ఏళ్ళుగా హింసకు వ్యతిరేకంగా ఊరేగింపులు తీసి, యువతకు చెప్తూ, మగవాళ్ళకు తరగతులు నడిపే సంస్థతో కలిసి పనిచేస్తోంది. ఆ బృందంలోనే పనిచేసిన ఒకామెను 2021 జనవరిలో ఆమె సహచరుడే చంపాడు. ఆమెతో పాటు మరో ముగ్గురు ఆదివాసీ స్త్రీల హత్యలను విచారించిన కరోనర్ (మరణాల కారణం తేల్చే న్యాయాధికారి) ఎలిజబెత్ ఆర్మిటేజ్ 2024 నవంబరులో 35 సిఫారసులు చేశారు. హంతకుల్లో జైలు చూసి వచ్చినవాళ్ళున్నారు. అంటే నివారణ ఆమెను కాపాడలేదు, జైలూ మిగతావాళ్ళను కాపాడలేదు.

నన్నడిగితే, కొత్తగా ఖర్చుపెట్టే ప్రతి డాలరూ నివారణకే వెళ్ళాలి. షరతు ఒకటే: డబ్బు ఎక్కడ పెట్టాలో ఆ ఊరి ఆడవాళ్ళు చెప్పాలి, అది ఏడాది గ్రాంటుగా కాక పదేళ్ళ హామీగా ఉండాలి. 2031కల్లా ఆదివాసీ స్త్రీల మీద హింసను సగానికి, పెద్దవాళ్ళ జైలు రేటును 15 శాతం తగ్గిస్తామని 2020లో ప్రభుత్వాలు సంతకం పెట్టాయి. జైలు అంకె తగ్గకపోగా పెరుగుతోంది. పోలీసులు ఉండాలి, రక్షణ ఉత్తర్వులు ఉండాలి, అవి పనిచేయాలి. కానీ వాటికి డబ్బు ఎప్పుడూ దొరుకుతూనే ఉంది. ఆడవాళ్ళు తలదాచుకునే ఇంటికే దొరకడం లేదు.

ఒక్కచోట మాత్రం నేను శిక్ష వైపే. గొంతు పిసికినవాడి విషయంలో. ఒకసారి గొంతు పిసికిన మనిషి చేతిలో ఆ స్త్రీ తర్వాత చనిపోయే ప్రమాదం సుమారు ఏడు రెట్లని అమెరికా అధ్యయనాలు తేల్చాయి. అలాంటివాడికి ఊరి పెద్దల పంచాయితీ, సర్దుబాటు మాటలు వద్దు. వాణ్ణి లోపల పెట్టాలి, రిమాండు మొదటి వారం నుంచే తరగతిలోనూ కూర్చోబెట్టాలి, విడుదల తేదీ ఆమెకు ముందుగా చెప్పాలి.