పెట్టె కింది బోగీ: లెగో రైలుతో ఆరేళ్లు

మా మామగారు కాజీపేటలో రైలు పెట్టెల తనిఖీ పనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. నేను లెగో ఇటుకలతో (ఒకదానికొకటి బిగించే ప్లాస్టిక్ బొమ్మ ముక్కలు) కట్టిన మొదటి పెట్టెను ఆయన చేతిలో పెట్టి, "బోగీ ఎలా ఉంది మామయ్యగారూ?" అని అడిగాను. ఆయన దాన్ని తలకిందులు చేశారు. చక్రాలున్న భాగాన్ని వేలితో అటూ ఇటూ తిప్పి, "బోగీ చాలా బాగుంది. పైనున్న పెట్టె సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. మనమంతా పెట్టెనే బోగీ అంటాం కానీ, రైల్వేవారికి బోగీ అంటే పెట్టె కింద ఉండి, వంపు వచ్చినప్పుడు తనంతట తాను తిరిగే చక్రాల బండి. ఆరేళ్లుగా లెగో రైళ్లు కడుతున్నాను. నాకు ఈ సరదా వదలకపోవడానికి కారణం ఆ చిన్న బండి. అందుకే రాసేదంతా దాని గురించే.

2018లో వచ్చిన లెగో సరకుల రైలు సెట్టును మరుసటి ఏడాది మా అమ్మాయి పుట్టినరోజుకు కొన్నాను. డబ్బా మీది బొమ్మలో ఉన్న ఇంజను మా ఇంట్లో రెండు నెలలు కూడా ఉండలేదు. విప్పేశాక మోటారు, బ్యాటరీల డబ్బా, రిమోటు, పట్టాలు మిగిలాయి. నిజమైన ఆనందం అక్కడ మొదలైంది. ఆ మోటారే ఒక బోగీ. నాలుగు చక్రాలు, వాటికి జారకుండా రబ్బరు వలయాలు, లోపలే గేర్లు. దాని మీద ఏం కట్టి కూర్చోబెట్టినా అది ఇంజనే. మొదట పాత డీజిల్ ఇంజను డబ్ల్యూడీఎం-2 కట్టాం. తర్వాత సికింద్రాబాదు దగ్గరి లాలాగూడ షెడ్డువారి కరెంటు ఇంజను డబ్ల్యూఏపీ-7, తెలుపు మీద ఎర్ర గీతతో. మోటారు మారలేదు, పట్టాలు మారలేదు, ఇటుకల్లో సగం కూడా పాతవే.

డబ్ల్యూఏపీ-7కు ఒక్కో బోగీకి మూడేసి ఇరుసులుంటాయి. మోటారుకు ఉన్నవి రెండే. మూడో జత చక్రాలను పట్టాకు ఆనిస్తే వంపులో బిగుసుకుపోతుంది. చివరికి ఆ జతను ఇంజను నేలకు కాకుండా మోటారు అంచుకే తగిలించి, పట్టా పైన ఒక కాగితం దూరేంత ఎత్తులో వేలాడదీశాను. ఇప్పుడు మోటారుతోపాటే తిరుగుతుంది. పక్క నుంచి చూస్తే ఆరు జతలూ పట్టా మీదే ఉన్నట్టు కనిపిస్తాయి. ఈ ఒక్క పనికి మూడు ఆదివారాలు పట్టింది. ఆ మూడూ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

కొలతల విషయంలో మన రైళ్లు కట్టేవారికి ఒక చిక్కుంది. లెగో పట్టాల మధ్య దూరం 37.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1676. అంటే నిజమైన రైలులో దాదాపు 45వ వంతు. ఆ లెక్కన ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం ప్రయాణికుల పెట్టె తొమ్మిది బొడిపెల (ఇటుక మీద ఉండే గుండ్రటి బుడిపెలే మా కొలత) వెడల్పు, 52 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. డబ్బాలో వచ్చే వంపు పట్టాల వ్యాసార్ధమేమో 32 సెంటీమీటర్లే. అంత పొడుగు పెట్టె అందులో తిరగలేదు. నేను ఎనిమిది బొడిపెల వెడల్పుకు, 48 బొడిపెల పొడవుకు దిగివచ్చి గోదావరి ఎక్స్‌ప్రెస్ కట్టడం మొదలుపెట్టాను. 1974 నుంచి నడుస్తున్న రైలు, మా అమ్మ పుట్టింటికి వెళ్లే రైలు. ఒక్కో పెట్టెకు రెండు బోగీలు, ఒక్కో బోగీకి రెండు ఇరుసులు.

నాలుగు పెట్టెలు అయ్యేసరికి తెలిసినవాళ్లందరికీ చెప్పాను, ఈ మోటారు ఎన్నిటినైనా లాగుతుందని. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

రెండేళ్ల క్రితం సంక్రాంతికి ఇల్లంతా బంధువులు. భోగి ముందురోజు సాయంత్రం హాల్లో పట్టాలు పరిచి ఆరు పెట్టెల రైలు పెట్టాం. తిన్నగా ఉన్నంతసేపు బ్రహ్మాండంగా వెళ్లింది. వంపులోకి సగం రైలు దిగగానే ఆగిపోయింది. ఇంజను చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, రైలు మాత్రం కదలలేదు. మొదటి అనుమానం బ్యాటరీల మీదకు పోయింది. నేను వాడేవి ఛార్జింగ్ బ్యాటరీలు. ఒక్కోటి 1.2 వోల్టులే ఇస్తుంది, మామూలువైతే 1.5. ఆరూ మార్చాను. చక్రాలు ఇంకా వేగంగా జారాయి. ఇంజను మీద బరువు పెడితే ఒక జానెడు కదిలి మళ్లీ ఆగింది. పిల్లలు మెల్లగా టీవీ వైపు వెళ్లిపోయారు. మా అమ్మాయి మాత్రం, "నాన్నా, రెండు పెట్టెలు తీసేద్దామా?" అంది. నాకు తీయబుద్ధి కాలేదు.

భోజనాలయ్యాక మామగారు వచ్చి పక్కన కూర్చున్నారు. "ఇంజనును వదిలేయండి బాబూ. మేము రైలు స్టేషన్‌లోకి రాగానే ఇరుసు చివర్లలో ఉండే డబ్బాల మీద చెయ్యి పెట్టి వేడి చూసేవాళ్లం. ఏదో ఒక పెట్టె పట్టేస్తుంటుంది. ఒక్కొక్కటిగా తోసి చూడండి" అన్నారు.

నాలుగు పట్టాలను వరుసగా కలిపి ఒక చివర కింద రెండు పుస్తకాలు పెట్టాను. ఒక్కో పెట్టెను పైనుంచి వదిలాం. మొదటిది జారి నేల మీద కూడా కొంత దూరం పోయింది. రెండోదీ అంతే. మూడోది వాలు మీదే ఆగింది. తిప్పి చూస్తే చక్రానికీ, దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ భాగానికీ మధ్య సన్నని ఇనుప ఇరుసు చుట్టూ నల్లటి ఉంగరంలా ఏదో బిగిసి ఉంది. సూదితో లాగితే వచ్చింది. మా అమ్మాయి తల వెంట్రుక, దాని లోపల అమ్మది తెల్లటిది ఒకటి, వాటి చుట్టూ పరుపులోంచి వచ్చిన దూది పోగులు. ఇరవై నాలుగు ఇరుసుల్లో పదిహేడింటికి ఇదే పరిస్థితి. సూదీ, కనుబొమలు సరిచేసుకునే పట్టకారూ పట్టుకుని ఇద్దరం రాత్రి ఒంటిగంటన్నర దాకా తీశాం. తెల్లవారుజామున భోగిమంట నుంచి వచ్చి రిమోటు నొక్కితే ఆరు పెట్టెలూ వంపులో నుంచి ఆగకుండా బయటికి వచ్చాయి. ఆయన చప్పట్లు కొట్టారు.

వెంట్రుకలతోనే పని అయిపోలేదు. పెట్టెల్ని కలిపే అయస్కాంతాలను నేను పెట్టె అంచుకు బిగించాను. వంపులో పొడుగు పెట్టె అంచు బయటికి పొడుచుకొచ్చి, వెనక పెట్టెను వాలుగా ఈడుస్తోంది. వాటిని విప్పి బోగీలకే తగిలించాను. పెట్టెల్ని 40 బొడిపెలకు కుదించి, బోగీల మధ్య దూరాన్ని 32 నుంచి 24 బొడిపెలకు తగ్గించాను. పెట్టె నడుము వంపులో లోపలికి జరగడం 27 మిల్లీమీటర్ల నుంచి 15కు దిగింది. చూడటానికి పెట్టెలు కాస్త పొట్టివైపోయాయి, ఆ బాధ ఉంది.

కాబట్టి నా పాత పొగడ్తను ఇలా మార్చుకుంటున్నాను: ఇరుసులు శుభ్రంగా ఉంటే, పెట్టెలు పొట్టిగా ఉంటే, వంపు మధ్యలో ఆపకుండా ఉంటే ఒక మోటారు ఆరు పెట్టెలు లాగుతుంది. వంపులో ఆపి మళ్లీ బయలుదేరమంటే ఇప్పటికీ జారుతుంది.

కొనమని చెప్పాలా అంటే, నా పరిస్థితి వేరు. నాది పది అడుగుల హాలు, టైల్స్ నేల, సెలవుల్లో పరిచి సాయంత్రానికి తీసేసే పట్టాలు. ఎప్పుడూ కదపనవసరం లేని బల్ల ఉన్నవారు 72 బొడిపెల వ్యాసార్ధం ఉన్న పెద్ద వంపులు తెప్పించుకోవచ్చు. వేరే తయారీదారులవి దొరుకుతాయి, కానీ ఒక్క వలయానికే నాలుగు అడుగుల చోటు కావాలి, విదేశాల నుంచి వస్తే సుంకం కూడా. అలాంటివారు 48 బొడిపెల పెట్టెల్ని నాలా కుదించుకోనవసరం ఉండదేమో. ఇంట్లో పొడుగు జుట్టువారు, పిల్లి, దూది పరుపులు ఉంటే మాత్రం ఎంత పెద్ద వంపైనా నెలకోసారి సూది పట్టుకోవాల్సిందే. మా ఇంట్లో ఆ పని మామగారు వచ్చినప్పుడు ఆయనే అడిగి చేస్తారు.

ఏడో పెట్టెకు బోగీలు రెండూ కట్టేశాను. వాలు మీద వదిలితే రెండూ చివరిదాకా వెళ్లాయి. పైభాగానికి నీలి ఇటుకలు ఇంకా కొన్ని తక్కువ ఉన్నాయి.