కోడి స్నానం కిట్ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

ఇంట్లో ముద్దుగా కోళ్లు పెంచుకునే వాళ్లందరికీ ఒక హెచ్చరిక. 'కోళ్లకు, పక్షులకు ప్రత్యేకం' అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న స్నానం కిట్లు కొనేముందు కాస్త ఆగండి. నేను తెప్పించిన కిట్‌లో ఒక షాంపూ సీసా, ఒక సువాసన స్ప్రే, హెయిర్ డ్రయ్యర్‌కు తగిలించే ఒక గుడ్డ సంచి వచ్చాయి. మూడింట్లో కోడికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. షాంపూ అయితే కోడితో పాటు దాని గుడ్లు తినే మనకూ ప్రమాదమే.

సీసా చూడటానికి చాలా బాగుంది. ఆకుపచ్చ లేబుల్, దాని మీద కోడిపెట్ట బొమ్మ, 'నూరు శాతం సహజం, రసాయనాలు లేవు, పేలు పోతాయి' అన్న మాటలు. చెప్పినట్టే నీళ్లలో కలిపి, తలకు తగలకుండా పట్టించాను. చేతి తడికి లేబుల్ ఒక మూల ఊడి పైకి లేచింది. గోటితో లాగితే కింద ఇంకో లేబుల్! దాని మీద కుక్క బొమ్మ, 'కుక్కలకు మాత్రమే' అన్న హెచ్చరిక, చీమంత అక్షరాల్లో ఫిప్రోనిల్ అనే మందు పేరు. కుక్కల పేలమందు మీద కోడి బొమ్మ అతికించి అమ్ముతున్నారన్నమాట.

అప్పటికే మా పెట్ట ఒంటినిండా నురగ. ఘాటైన వాసన. అది నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. ఊపిరి తీసిన ప్రతిసారీ తోక పైకీ కిందికీ ఊగుతోంది, ఎర్రటి తురాయి నీలం రంగుకు తిరుగుతోంది. కోడి స్నానంలో ఈ మూడింటిలో ఏది కనిపించినా ఇంక ఒక్క క్షణం ఆలోచించొద్దు, అన్నీ ఆపేసి గాలి తగిలే చోటికి తీసుకురండి. నురగ పోయేదాకా గోరువెచ్చటి నీళ్లతో కడిగి, తువ్వాల్లో వదులుగా చుట్టి, సీసాతో సహా పక్షుల వైద్యం తెలిసిన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. అదృష్టం బాగుండి బతికింది. గుడ్లు మాత్రం తాను చెప్పేదాకా ఎవరూ తినొద్దని, పారేయమని డాక్టర్ గట్టిగా చెప్పారు.

ఆ మాట ఎందుకన్నారో అందరికీ తెలియాలి. ఫిప్రోనిల్ కోడి ఒంట్లో కొవ్వులో నిల్వ ఉండి గుడ్లలోకి దిగుతుంది. 2017లో నెదర్లాండ్స్, బెల్జియం దేశాల్లో సరిగ్గా ఇదే జరిగింది. కోళ్ల షెడ్లలో పేలు చంపడానికి వాడిన ద్రవంలో ఈ మందు కలిపారు. అది గుడ్లలో బయటపడ్డాక యూరప్‌లో చాలా దేశాల దుకాణాల్లోంచి లక్షల కొద్దీ గుడ్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. గుడ్లు, మాంసం ఇచ్చే జంతువుల మీద దీన్ని వాడటానికి అక్కడ అనుమతే లేదు. ఫారాల్లో దొరికినందుకే అంత గొడవ జరిగితే, మన పెరట్లో కోడికి పట్టించేది ఎవరు పరీక్షిస్తారు? పిల్లలకు పెట్టే గుడ్డు అది!

అమ్మినవాళ్లకు రెండు లేబుళ్ల ఫోటోలూ పంపాను. 'మీ కోడికి అలర్జీ ఉన్నట్టుంది' అని జవాబు. రెండో లేబుల్ గురించి ఒక్క ముక్క లేదు. నేను రాసిన రివ్యూ మాయమైంది. తర్వాత అదే సీసా, అదే ఫోటో వేరే పేరుతో అమ్మకానికి కనిపించింది. అందుకే పేరు గుర్తుపెట్టుకుని లాభం లేదు, లక్షణాలు చూసి పట్టుకోవాలి. 'రసాయనాలు లేవు' అని, పక్కనే 'పేలన్నీ చచ్చిపోతాయి' అని రాస్తే ఆ రెండింట్లో ఒకటి అబద్ధం. ఏమేం కలిపారో, బ్యాచ్ నంబర్ ఏమిటో, తయారీదారు చిరునామా ఎక్కడో లేకపోతే సీసా మూత కూడా తీయకండి. గుడ్లు పెట్టే కోళ్లకు వాడితే గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో నిజమైన మందు మీద రాసి ఉంటుంది. పేలు చంపుతుందని చెప్పుకునే సీసా మీద ఆ మాట లేకపోతే అది కోళ్ల కోసం చేసినది కానట్టే.

ఇక డ్రయ్యర్ సంచి. కోడిని అందులో పెట్టి, తల ఒక్కటే బయటికి ఉంచి, మెడ దగ్గర ఎలాస్టిక్ బిగించి, గొట్టంలోంచి వేడిగాలి వదలాలట. ఇది తయారుచేసినవాళ్లు కోడి ఊపిరి ఎలా తీస్తుందో ఒక్కసారైనా చూశారా అని నా అనుమానం. కోడికి మనలా ఊపిరి లాగే డయాఫ్రం అనే కండరం ఉండదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి లోపలికి వెళ్తుంది. రొమ్ము బిగిసిందంటే ముక్కు, నోరు తెరిచే ఉన్నా ఊపిరి ఆడదు. చేతుల్తో గట్టిగా అదిమి పట్టుకున్నా, వెల్లకిలా పడుకోబెట్టినా ప్రమాదమే. దానికి చెమట కూడా పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకుంటుంది. చుట్టూ వేడిగాలి కమ్మేస్తే ఎంతసేపని రొప్పుతుంది? ఇంకో సంగతి, కొన్ని డ్రయ్యర్లలో, హీటర్లలో అంటుకోని పెనాలకు వేసే టెఫ్లాన్ లాంటి పూత ఉంటుంది. అది మరీ వేడెక్కితే వచ్చే ఆవిరికి మనకు తెలిసేలోపే పక్షులు ప్రాణం విడుస్తాయి.

స్ప్రే గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఘాటు వాసన ఏదైనా కోళ్ల దగ్గర కొట్టొద్దు, అంతే. వాటికి ఊపిరితిత్తులతో పాటు ఒంట్లో గాలి సంచులుంటాయి, పీల్చిన గాలి లోపల చాలా దూరం తిరుగుతుంది.

అసలు ఆరోగ్యంగా ఉన్న కోడికి మనం స్నానం చేయించాల్సిన పనే లేదు. పొడి మట్టి, ఇసుక కాస్త ఇస్తే తనంతట తానే పొర్లాడి ఒళ్లు శుభ్రం చేసుకుంటుంది. తోక మొదట్లో ఉండే నూనె గ్రంథిని ముక్కుతో నొక్కి, ఆ నూనెను ఈకలకు రాసుకుంటుంది. షాంపూ ఆ నూనెనంతా కడిగేస్తుంది. పేలకు కూడా స్నానం పెద్ద మందేమీ కాదు. ఎర్రపేలు పగలంతా గూటి సందుల్లో దాక్కుని రాత్రి కోడి మీదికి ఎక్కుతాయి. గూడు బాగుచేయకుండా కోడిని ఎన్నిసార్లు కడిగితే ఏం లాభం?

వెనక వైపు ఈకలకు రెట్ట గడ్డకట్టినప్పుడు మాత్రం కడగక తప్పదు. దాన్ని అలాగే వదిలేస్తే ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడుతుంది. దానికి కిట్ ఎందుకు? ఒక టబ్బు, గోరువెచ్చటి నీళ్లు, రెండు మెత్తటి తువ్వాళ్లు చాలు. నీళ్లు రొమ్ము వరకే ఉండాలి. గడ్డను లాగొద్దు, చర్మం చిరిగిపోతుంది. నానాక వేళ్ల మధ్య నలిపితే అదే వదులుతుంది. వెచ్చటి నీళ్లకు కొన్ని కోళ్లు కునుకు తీస్తాయి, తల నీళ్లలోకి వాలిపోతుంది కాబట్టి ఫోన్ మోగినా కదలొద్దు. వంటింటి సింకులో అస్సలు వద్దు, కోళ్ల రెట్టలో సాల్మొనెల్లా అనే, మనుషులకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు. కొత్త ఈకలు వస్తున్న సమయంలో వీలైనంతవరకు ముట్టుకోకండి, మొలిచే ఈకల్లో రక్తం ఉంటుంది, నొప్పి ఎక్కువ. కోడిపిల్లల్ని నీళ్లలో దించొద్దు, తడి దూదితో తుడిస్తే సరిపోతుంది. కడిగాక అడుగున ఉన్న మెత్తటి ఈకలు కూడా ఆరేదాకా చల్లగాలి తగలకుండా చూడాలి. మెత్తటి బొచ్చులాంటి ఈకలుండే సిల్కీ జాతి కోళ్లలాంటివి చర్మం దాకా తడిసిపోతాయి, వాటికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

ఇప్పటికే ఇలాంటి షాంపూ వాడేసి ఉంటే, మరోసారి గోరువెచ్చటి నీళ్లతో బాగా కడిగి ఆరబెట్టండి. గుడ్లు పక్కన పెట్టండి, కుక్కకో పిల్లికో కూడా వేయొద్దు. లేబుల్ మూల గోటితో గీకి చూసి, కింద ఏమైనా కనిపిస్తే ఫోటో తీసుకోండి. సీసా మాత్రం పారేయకండి, అందులో ఏముందనేదే డాక్టర్ మొట్టమొదట అడుగుతారు.