ఆఫీస్ లాప్‌టాప్ తిరిగిచ్చే ముందు: రీసెట్ కొట్టాలా, ఏరి తీసేయాలా?

లేఆఫ్ అని హెచ్ఆర్ కాల్ పెట్టేయగానే నేను తెరిచింది డౌన్‌లోడ్స్ ఫోల్డర్. పాప ఆధార్, అద్దె అగ్రిమెంట్, హోమ్ లోన్ కోసం స్కాన్ చేసిన పాన్ కార్డు... నాలుగేళ్ల సంసారమంతా అందులోనే ఉంది.

"రీసెట్ కొట్టేయ్ రా, పీడా పోతుంది" అన్నాడు ఫ్రెండ్. విండోస్‌లో 'రిమూవ్ ఎవ్రీథింగ్' నొక్కితే అంతా పోయే మాట నిజమే, కంపెనీ ఫైళ్లతో సహా. చిక్కంతా అక్కడే. అనుమతి లేకుండా వేరేవాళ్ల కంప్యూటర్లో సమాచారం చెరిపేస్తే 2000 నాటి సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టాలి. మోసపూరితంగా చేశారని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అంతదూరం ఎవరు వెళ్తారులే అనుకున్నా, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్, రిలీవింగ్ లెటర్ ఇంకా వాళ్ల చేతిలోనే ఉన్నాయి కదా!

పోనీ, ఉన్నది ఉన్నట్టు ఇచ్చేస్తే? ఐటీ వాళ్లు ఎలాగూ ఫార్మాట్ చేస్తారంటారు. ఎప్పుడు చేస్తారో మనకేం తెలుసు? బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే విండోస్ తాళం) ఉంటే దారిలో కొట్టేసినవాడు డిస్క్ ఊడదీసినా చదవలేడు. కానీ దాని రికవరీ కీ కంపెనీ దగ్గర ఉంటుంది.

నా ఓటు సొంత ఫైళ్లు మాత్రం ఏరి తీయడానికే. ఓపిక కావాలి, అంతే. ముందు పేస్లిప్పులు, ఫామ్ 16 దింపుకోండి. సొంత కాగితాలు బయటికి తీసుకోవడానికి ఐటీని ఒక్క మాట అడగండి. పెన్‌డ్రైవ్ పెట్టినా, జీమెయిల్‌కి పంపుకున్నా సెక్యూరిటీ టీమ్‌కి అలర్ట్ వెళ్లొచ్చు. డెస్క్‌టాప్ మీది ఫైలు తీసేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేసి ఊరుకోకండి. ఆ ఫోల్డర్ కంపెనీ వన్‌డ్రైవ్‌తో (ఆన్‌లైన్ స్టోరేజ్) సింక్ అవుతుంటే అక్కడి రీసైకిల్ బిన్‌లో మామూలుగా 93 రోజులు ఉంటుంది. అదీ ఖాళీ చేయాలి. కంపెనీ విడిగా బ్యాకప్ ఉంచుకుంటే మాత్రం మన చేతిలో లేదు.

క్రోమ్ దగ్గర మాత్రం జాగ్రత్త. సింక్ ఆన్‌లో ఉండగా కంగారులో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు క్లియర్ చేస్తే, మీ గూగుల్ అకౌంట్‌లోంచీ పోతాయి, ఫోన్లోనూ కనబడవు. బ్యాంకు పాస్‌వర్డ్ వెతుక్కునే పనిలో నాకు ఒక సాయంత్రం పోయింది. క్రోమ్‌లోని పర్సనల్ ప్రొఫైల్‌ని ఆ లాప్‌టాప్ నుంచి డిలీట్ చేస్తే చాలు. మ్యాక్‌బుక్ అయితే సొంత ఆపిల్ అకౌంట్ (పాత పేరు ఆపిల్ ఐడీ) నుంచి సైనౌట్ అవ్వండి. లేకపోతే యాక్టివేషన్ లాక్ (మీ అకౌంట్ పాస్‌వర్డ్ అడిగే తాళం) పడి, ఐటీ వాళ్లు మళ్లీ మీకే ఫోన్ చేసే అవకాశం ఉంది.

ఇంత టైమ్ ఇస్తారా అంటే, చాలాచోట్ల ఇవ్వరు. కాల్ అవుతుండగానే స్క్రీన్ లాకైపోయిన కొలీగ్స్ ఉన్నారు నాకు. అప్పుడిక ఫోనే దిక్కు. గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలో 'యువర్ డివైసెస్'కి వెళ్లి ఆ లాప్‌టాప్‌ని సైనౌట్ చేయండి. వాట్సాప్ 'లింక్డ్ డివైసెస్'లోంచి లాగౌట్ చేయండి. బ్యాంకు పాస్‌వర్డ్ మార్చండి. డిస్క్ మీది ఫైళ్ల సంగతి హెచ్ఆర్‌కి మెయిల్‌లో రాసి, తుడిచాక కన్ఫర్మేషన్ పంపమనండి. కొరియర్ అబ్బాయి వచ్చేలోపు ఇవన్నీ అయిపోతాయి. బ్యాగులో ఛార్జర్ పెట్టడం మర్చిపోకండి, దానికీ డబ్బులు కోసేవాళ్లున్నారు.