రేడియోలో లిల్లీ పిలిచినప్పుడు: స్టేట్ ఆఫ్ డికేలో తప్పిపోయిన మనిషి కోసం వెతుకులాట

జాంబీల మధ్య బతుకు నెట్టుకొచ్చే వీడియో గేమ్ స్టేట్ ఆఫ్ డికే. దాని మొదటి భాగాన్ని ఇప్పటికి మూడుసార్లు పూర్తి చేశాను, నాలుగోసారి ఆడుతున్నాను. కథ ఎటు పోతుందో, ఎవరు ఎక్కడ ఎదురవుతారో అంతా కంఠస్థం. అయినా రేడియో గరగరమని, గుంపు తరఫున రేడియో చూసుకునే లిల్లీ గొంతు వినిపించి, మనవాళ్లలో ఒకరు ఇంకా ఇల్లు చేరలేదని చెప్పిందంటే చాలు, ఇప్పటికీ గుండె జారుతుంది. చేస్తున్న పని అక్కడే వదిలేసి మ్యాప్ తెరుస్తాను. ఈ సమీక్షలో ఎక్కువగా ఆ ఒక్క మిషన్ గురించే రాస్తాను. ఆట మొత్తంలో నన్ను మళ్లీ మళ్లీ వెనక్కి లాగేది అదే.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 2013 జూన్‌లో మొదట ఎక్స్‌బాక్స్ 360 మీద వచ్చింది, తర్వాత పీసీకి వచ్చింది. 2015 ఏప్రిల్‌లో గ్రాఫిక్స్ మెరుగుపరిచి, అదనపు భాగాలు రెండూ కలిపి ఇయర్ వన్ సర్వైవల్ ఎడిషన్ పేరుతో మళ్లీ విడుదల చేశారు. నేను ఎక్కువ గంటలు గడిపింది దీంతోనే. ట్రంబుల్ వ్యాలీ అనే కల్పిత లోయలో కథ జరుగుతుంది. చేపలు పట్టడానికి వెళ్లిన మార్కస్, ఎడ్ అనే ఇద్దరు స్నేహితులు తిరిగొచ్చేసరికి లోకం తలకిందులై ఉంటుంది. అక్కడి నుంచి స్పెన్సర్స్ మిల్ అనే చిన్న ఊళ్లోని చర్చికి చేరతారు. బతికి బయటపడ్డవాళ్లంతా అక్కడే తలదాచుకుంటారు.

ఇందులో హీరో అంటూ ఒకడు ఉండడు. గుంపులో మనతో స్నేహం కుదిరిన ఎవరినైనా మనం ఆడొచ్చు. ఒకరు అలిసిపోతే ఇంకొకరిగా బయటికి వెళ్లాలి. అన్నిటికంటే పెద్ద సంగతి, చనిపోయినవాళ్లు చనిపోయినట్టే. ఆట తనంతట తాను సేవ్ అవుతూ ఉంటుంది. వెనక్కి వెళ్లి పాత సేవ్ తెరుద్దామంటే కుదరదు.

తప్పిపోయిన మనిషిని వెతకడం చాలా ఆటల్లో ఉంటుంది. ఎవరో ఒక పెద్దావిడ మనల్ని ఆపి, మా అబ్బాయి కనిపించడం లేదు అంటుంది. ఆ అబ్బాయిని అంతకుముందు మనం చూసి ఉండం. వెతుకుతాం, దొరుకుతాడు, బహుమతి తీసుకుని వెళ్లిపోతాం. ఆ పేరు మరుసటి రోజుకి గుర్తుండదు. ఇక్కడ అలా కాదు. తప్పిపోయేది మన ఇంటి మనిషే. నిన్న నేను ఏ మనిషిగా ఆడి మందుల సంచి మోసుకొచ్చానో, ఈరోజు కనబడకుండా పోయింది ఆ మనిషే కావచ్చు. తనకి ఏ ఆయుధం అలవాటో, ఎంతసేపు పరుగెత్తగలదో నాకు తెలుసు. పోయేటప్పుడు ఏమాత్రం బలంతో ఉందో కూడా తెలుసు. అందుకే భయం ఎక్కువ.

బాగా గుర్తుండిపోయిన ఒక రాత్రి చెబుతాను.

మా గుంపులో తోటపని వచ్చిన ఒకామె ఉండేది. చర్చి ఆవరణలో కూరగాయల మడి ఆమె వల్లే నడిచేది. లిల్లీ రేడియోలో చెప్పిన పేరు ఆమెది. అప్పటికి నేను ఆడుతున్నవాడు రోజంతా తిరిగి డీలా పడిపోయి ఉన్నాడు. నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసం వచ్చే స్థితి. అతన్ని ఇంట్లో వదిలి, పెద్దగా అనుభవం లేని ఇంకో కుర్రవాడిని తీసుకున్నాను. చేతిలో సగం అరిగిన ఒక ఇనపరాడ్డు, జేబులో రెండు కట్టల టపాకాయలు, ఒక నొప్పి మందు. అంతే.

మ్యాప్‌లో గుర్తు ఊరి చివర ఒక ఇంటి మీద ఉంది. కారుని ఆ ఇంటి దాకా తీసుకెళ్లలేదు. రెండిళ్ల ముందే ఆపి, ముందుభాగం రోడ్డు వైపు ఉండేలా తిప్పి దిగాను. పెరట్లో స్క్రీమర్ అనే రకం జాంబీ ఒకటి ఊగుతూ నిలబడి ఉంది. చేతులుండవు దానికి, కొట్టదు, కరవదు. కానీ మనల్ని చూసిందంటే అరుస్తుంది, ఆ అరుపుకి చుట్టుపక్కల ఉన్నవన్నీ వచ్చి పడతాయి. వంగి, కంచె పక్కగా నడిచి, వెనక నుంచి దాని పని పట్టేసరికి నా అరచేతులు కంట్రోలర్ మీద తడిసిపోయాయి. ఆ తర్వాత కూడా వెంటనే లోపలికి వెళ్లలేదు. వంగినచోటే ఆగి, చప్పుడు ఏదైనా వస్తుందేమోనని విన్నాను. ఈ ఆటలో చెవులు కళ్లకంటే ఎక్కువ పనికొస్తాయి. గోడ అవతల ఒకటి గుర్రుమంటే ఎటు వైపు ఉందో హెడ్‌ఫోన్స్‌లో తెలిసిపోతుంది.

ఆమె లోపలి గదిలో ఉంది. బతికే ఉంది, గాయంతో. సినిమాటిక్ సన్నివేశం ఏమీ రాలేదు, కన్నీళ్లు పెట్టించే సంగీతం రాలేదు. రెండు మాటలు మాట్లాడింది, నా వెనక నడిచింది. నాకు అదే నచ్చింది. మిగతాదంతా దారిలో జరుగుతుంది. గుమ్మం దాటేసరికి రోడ్డు మలుపులో రెండు కళ్లు మెరిశాయి. ఫెరల్. నాలుగు కాళ్ల మీద దూకుతూ వచ్చే రకం జాంబీ. అలిసిన మనిషి దాని చేతికి చిక్కితే చీల్చేస్తుంది. టపాకాయలు దూరంగా విసిరాను. మామూలు జాంబీలు అటు మళ్లాయి, ఫెరల్ మాత్రం మా మీదకే వచ్చింది. ఒకసారి పక్కకి దొర్లి తప్పించుకుని కారు దాకా పరుగెత్తాను. నేను ఎక్కేశాను. ఆమె ఇంకా కారు చుట్టూ తిరిగి అవతలి తలుపు వైపు వస్తోంది. ఆ రెండు మూడు సెకన్లు ఉన్నాయే, వేలు యాక్సిలరేటర్ మీద ఉంది, నొక్కలేను. తలుపు తెరుచుకుంది, కూర్చుంది, మూసుకుంది. అప్పుడు నొక్కాను.

ఇంటికి చేరాక ఆట ఇచ్చినది చూస్తే చాలా తక్కువ. కొంచెం ఇన్‌ఫ్లుయెన్స్ (గుంపులో మన పలుకుబడిని లెక్కించే పాయింట్లు), ఇంట్లోవాళ్లకి కాస్త ధైర్యం. కొత్త తుపాకీ లేదు, దాచిన నిధి లేదు. ఒక మనిషి ఇంట్లో తిరుగుతూ కనిపిస్తుంది, అంతే. ఆ రాత్రి నేను ఇంకేమీ ఆడలేదు. చర్చి ఆవరణలో కాసేపు ఊరికే నడిచి ఆపేశాను.

అన్నిసార్లూ ఇలా జరగదు. మూడోసారి ఆడినప్పుడు లిల్లీ పిలిచేసరికి నా వీపు మీద నిర్మాణ సామాను సంచి ఉంది. ఈ ఆటలో పెద్ద సంచి ఒక్కసారికి ఒక్కటే మోయగలం, దింపి వెళ్తే మళ్లీ వెనక్కి రావాలి. ముందు ఇది ఇంటికి చేర్చి వద్దాం, దారిలోనే కదా అనుకున్నాను. చేర్చాను. అక్కడ ఇంకో ఇద్దరు ఏదో అడిగారు, అది చూశాను. మళ్లీ మ్యాప్ తెరిచేసరికి గుర్తు లేదు. కాసేపటికి ఆ మనిషి ఇక లేడని తెలిసింది. శవం దగ్గరికి తీసుకెళ్లే మిషన్ కూడా రాలేదు. జాబితాలో ఒక పేరు తగ్గింది, ఇంట్లోవాళ్ల మాటల్లో దిగులు చేరింది. అతనితో నేను వారం రోజులు ఆడాను. పదేళ్ల కింది ఆట ఇది, బొమ్మలు కూడా అంత గొప్పగా ఉండవు, అయినా ఆ తప్పు నాదేనన్న బాధ రెండు మూడు రోజులు పోలేదు. ఆట నన్ను తిట్టలేదు, మందలించలేదు. నేను వేరే పని చూసుకుంటున్నప్పుడు దాని కాలం అది నడిచింది.

ఇందులో లోపాలు ఉన్నాయి, దాచను. ఎక్కువ గంటలు ఆడినకొద్దీ లిల్లీ మాటలు తిరిగి తిరిగి అవే వినిపిస్తాయి. పేరు మారుతుంది, వాక్యం మారదు. ఒకే సమయంలో రెండు మూడు పిలుపులు వచ్చినప్పుడు ఏది ముందు చూడాలో తేల్చుకోవడం మంచి టెన్షనే. కానీ కథ మధ్యలో, ఇంట్లో తిండి అయిపోతున్నప్పుడు ఇవి గుంపుగా వచ్చి పడితే విసుగొస్తుంది. మన వెనక వచ్చేవాళ్లు కొన్నిసార్లు కంచెల దగ్గర, ఇరుకు గుమ్మాల దగ్గర తడబడతారు. అలాంటప్పుడు మనమే వెనక్కి వెళ్లి పక్కన నిలబడాలి. పాత ఎక్స్‌బాక్స్ వెర్షన్‌లో వేగంగా కారు నడిపితే బొమ్మ తడబడేది, చెట్లు, ఇళ్లు ఆలస్యంగా కనిపించేవి. కొత్త ఎడిషన్ ఈ విషయంలో చాలా నయం. మనం ఆట మూసేసి వెళ్లినా లోపలి జీవితం కొంత సాగుతూనే ఉంటుంది. తిరిగొచ్చేసరికి సరుకులు తగ్గి ఉండవచ్చు, ఒకరు జబ్బుపడి ఉండవచ్చు. కొందరికి ఇది అన్యాయం అనిపిస్తుంది. నాకు మాత్రం దీనివల్లే ఇల్లు ఇల్లులా అనిపిస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా అనుభవం మీద కొన్ని మాటలు. ఎప్పుడూ ఒకరిని బాగా విశ్రాంతి ఇచ్చి ఇంట్లో ఉంచండి, పిలుపు వస్తే వెళ్లడానికి. అందరినీ ఒకే రోజు అలిసిపోయేదాకా వాడేయకండి. వెళ్లేటప్పుడు వీపు మీద సంచి వద్దు, బరువు తగ్గించుకోండి. ఆయాసం తీర్చే తినుబండారాలు ఒకటి రెండు, నొప్పి మందు ఒకటి చాలు. ఇద్దరు కూర్చోగలిగే బండి కచ్చితంగా ఉండాలి. ఈ మొదటి భాగంలో బండికి ఇంధనం పోయాల్సిన పని లేదు కాబట్టి దూరం గురించి భయం వద్దు. కానీ జాంబీలను గుద్దుకుంటూ పోతే ముందు పొగ వస్తుంది, తర్వాత మంట వస్తుంది. వెళ్లేటప్పుడే బండి పాడుచేసుకుంటే వచ్చేటప్పుడు ఇద్దరూ నడవాలి. ఇళ్లలో అలమరాలు తొందరగా వెతికే బటన్ ఉంటుంది, దాంతో వస్తువులు పడి చప్పుడయ్యే ప్రమాదం ఉంది. మనిషిని బయటికి తెచ్చే పనిలో ఉన్నప్పుడు అసలు వెతకనే వద్దు, ఆ ఇల్లు ఎక్కడికీ పోదు, రేపు రావచ్చు.

లిల్లీ గురించి ఒక మాట చెప్పాలి. ఆమెకి లూపస్ (రోగనిరోధక శక్తే సొంత శరీరం మీద దాడిచేసే దీర్ఘకాలిక జబ్బు) ఉందని కథలో తెలుస్తుంది. బయటికి వెళ్లి వెతకగలిగే స్థితి కాదు ఆమెది, రేడియో ముందు కూర్చుని అందరి పేర్లూ గుర్తుపెట్టుకోవడం ఆమె పని. ఈ సంగతి తెలిశాక ఆ గొంతులో తొందర వేరేలా వినిపించింది నాకు. మొదటిసారి ఆడినప్పుడు ఆ పిలుపులు ఎక్కువయ్యాయని రేడియో శబ్దం తగ్గించేదాన్ని. ఇప్పుడు తగ్గించను.

రెండో భాగం 2018 మేలో వచ్చింది. నలుగురు కలిసి ఆడొచ్చు, బొమ్మలు బాగున్నాయి, బండికి ఇంధనం కూడా పోయాలి. అదీ ఆడాను, మంచి ఆటే. కానీ ఇల్లు, మనుషులు, వాళ్ల మధ్య మాటలు నాకు మొదటి భాగంలోనే ఎక్కువ దగ్గరగా అనిపించాయి. దేనితో మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే ఇయర్ వన్ ఎడిషన్ అనే చెబుతాను. కథ అయ్యేదాకా ఓపిక పట్టండి, ఆ తర్వాత బ్రేక్‌డౌన్ అనే అదనపు భాగం తెరవండి. అందులో కథ ఉండదు, ఒక్కో స్థాయి దాటేకొద్దీ కష్టం పెరుగుతుంది.

నా నాలుగో ఆటలో గుంపు ఇప్పుడు మార్షల్ ఊళ్లోని గోదాముకి మారింది. ఈసారి కూడా మడి చూసుకునే మనిషి ఒకరు దొరికారు. రాత్రిపూట మాత్రం నేను అతన్ని బయటికి తీసుకెళ్లడం లేదు.