జాగ్రత్త: వీధి వ్యాపారుల లోన్‌కి ‘ఫైలు చార్జీ’ అడిగే సర్వీస్ సెంటర్లు

బండి మీద వ్యాపారం చేసుకునేవాళ్ళు, చిన్న కొట్టు పెట్టుకున్నవాళ్ళు ఒకసారి చదవండి. మీ ఇంట్లో అమ్మో చిన్నమ్మో బండి నడుపుతుంటే చదివి వినిపించండి. కరోనా టైంలో, వీధి వ్యాపారుల కోసం కేంద్రం పెట్టిన పీఎం స్వనిధి లోన్ పేరు చెప్పి మా చిన్నమ్మకి ఒక ‘ప్యాకేజీ’ అంటగట్టారు. ఆ సంగతి ఇప్పుడెందుకంటే, 2025 ఆగస్టులో కేంద్రం ఆ పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించింది. మొదటి లోన్ 10 వేల నుంచి 15 వేలకి, రెండోది 20 వేల నుంచి 25 వేలకి పెరిగింది. మూడోది ఎప్పటిలాగే 50 వేలు. ఆ వార్త వచ్చాక మా బస్టాండ్ దగ్గర అదే సర్వీస్ సెంటర్ ముందు కొత్త ఫ్లెక్సీ కట్టారు.

చిన్నమ్మది మిర్చి బజ్జీల బండి. ఉమ్మడి కరీంనగర్‌లో ఒక చిన్న మున్సిపాలిటీ మాది. 2020 మార్చి లాక్‌డౌన్‌తో బండి ఇంటి ముందు మూలకి పడింది. సడలింపులు వచ్చినా బయటి తిండి అంటే జనానికి భయం, గిరాకీ లేదు. నెమ్మదిగా మళ్ళీ బండి తీద్దామంటే శనగపిండి, నూనె, గ్యాస్, అన్నిటికీ ముందు చేతిలో డబ్బులుండాలి. డైలీ ఫైనాన్స్ వాళ్ళేమో ఇచ్చేటప్పుడే కట్ చేసుకుని ఇస్తారు. ఇలాంటివాళ్ళ కోసమే 2020 జూన్ 1న స్వనిధి మొదలుపెట్టారు. అప్పట్లో మొదటి లోన్ పూచీకత్తు లేకుండా 10 వేలు ఇచ్చేవాళ్ళు, ఏడాదిలో నెలనెలా కట్టుకోవాలి. టైంకి కడితే 7 శాతం వడ్డీ రాయితీ మన ఖాతాలోనే పడుతుంది. పథకం మంచిదే. నా గొడవ పథకంతో కాదు, దానికీ మనకీ మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నవాడితో.

ఆ సెంటర్ అతను అడిగింది 1,500 ‘ఫైలు చార్జీ’. “నువ్వు మున్సిపాలిటీ చుట్టూ తిరిగితే కాదక్కా, లోపల నాకు మనుషులున్నరు” అన్నాడట. పైన క్యూఆర్ స్టాండ్‌కి ఇంకో 300. ఆ స్టాండ్‌లు పేమెంట్ యాప్ కుర్రాళ్ళు మార్కెట్లో బండి బండికీ ఊరికే పెట్టి పోతున్న రోజులవి.

డబ్బు తీసుకున్నాక, మున్సిపాలిటీ సిఫార్సు లెటర్ అని ఒక లామినేషన్ చేసిన కాగితం ఇచ్చాడు. పైన మున్సిపాలిటీ ముద్ర, కింద గుండ్రటి స్టాంపు, ఆకుపచ్చ సంతకం. నేను చేతిలోకి తీసుకుని వెలుతురులో పట్టి చూస్తే స్టాంపు, సంతకం, అక్షరాలు అన్నీ ఒకే నునుపు. కలర్ ప్రింట్ అది. సంతకం దగ్గర పెన్ను ఒత్తిన గుర్తు కూడా లేదు. లెటర్ నంబర్ ఉండాల్సిన చోట చుక్కలు మాత్రం ఉన్నాయి. మున్సిపాలిటీ ఆఫీసులో చూపిస్తే అక్కడి క్లర్క్ నవ్వి పక్కన పెట్టేశాడు.

ఈ లెటర్ అసలు కథ ఏంటంటే, మున్సిపాలిటీ ఇచ్చిన వీధి వ్యాపారి గుర్తింపు కార్డు గానీ వెండింగ్ సర్టిఫికెట్ గానీ ఉన్నవాళ్ళకి అదే చాలు. వీధి వ్యాపారుల సర్వేలో పేరు ఎక్కనివాళ్ళకి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి పట్నంలో అమ్ముకునేవాళ్ళకి మున్సిపాలిటీ విచారించి సిఫార్సు లెటర్ ఇస్తుంది. దానికి పైసా ఫీజు లేదు. తెలంగాణలో ఈ పని నడిపేది మెప్మా, అంటే పట్టణాల్లో పేదరిక నిర్మూలన చూసే ప్రభుత్వ సంస్థ. మీ వాడలో మహిళా సంఘాలు చూసే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) ఎవరో కనుక్కుంటే సగం పని అయినట్టే. చిన్నమ్మ రెండు వీధుల అవతలే ఆర్పీ అక్క ఉంది. ఆమె బండి దగ్గరికే వచ్చి, బండితో సహా ఫొటో తీసుకుని, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ చూసుకుని ఫ్రీగా చేసి పెట్టేది. ఏపీలో అయితే 2020 నవంబర్‌లో మొదలైన జగనన్న తోడులో వడ్డీ లేని 10 వేలకి వార్డు సచివాలయంలోనే దరఖాస్తు తీసుకున్నారు. అక్కడా మధ్యవర్తితో పని లేదు.

1,800 పోతే పోయాయని ఊరుకునేవాళ్ళమే. అంతకంటే పెద్ద దెబ్బ తర్వాత తెలిసింది.

నెలలు గడిచాయి, ఫోన్ లేదు, మెసేజ్ లేదు. అడిగితే “ప్రాసెస్‌ల ఉంది” అనేవాడు. ఒకసారి మాత్రం అతనే ఫోన్ చేసి, లోన్ శాంక్షన్ అయింది, బ్యాంకు వాళ్ళకి వెయ్యి ఇవ్వాలి అన్నాడు. చిన్నమ్మ ఇవ్వలేదు. మళ్ళీ చప్పుడు లేదు. ఈలోపు సెకండ్ వేవ్ వచ్చింది. 2021 మేలో తెలంగాణలో మళ్ళీ లాక్‌డౌన్ పెట్టి పొద్దున ఆరు నుంచి పది దాకే వదిలారు. సాయంత్రం బజ్జీల బండికి ఆ నాలుగు గంటలు ఎందుకు పనికొస్తాయి?

చివరికి ఆర్పీ అక్కతో చూపిస్తే దరఖాస్తు నిజంగానే పోర్టల్‌లో ఉంది. మున్సిపాలిటీ ఓకే చేసింది, బ్యాంకూ శాంక్షన్ చేసింది. కానీ అందులో ఉన్న ఫోన్ నంబర్ చిన్నమ్మది కాదు. సెంటర్ అతను తన దగ్గరున్న వేరే సిమ్ నంబర్ పెట్టాడు. బ్యాంకు వాళ్ళు సంతకాలకి రమ్మని ఆ నంబర్‌కే చేశారు, ఎవరూ ఎత్తలేదు, మనిషి అందుబాటులో లేదని రాసి ఫైలు వెనక్కి పంపేశారు. వెయ్యి అడగడానికి శాంక్షన్ కబురు అతనికి ముందే ఎలా తెలిసిందో అప్పుడు అర్థమైంది. ఆ మెసేజ్ అతని ఫోన్‌కే వచ్చింది మరి. నంబర్ చేతిలో ఉంటే మనిషే చేతిలో ఉన్నట్టు.

కాబట్టి ఎవరితో అప్లై చేయించినా, ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి. ఆధార్‌కి మీ నంబర్ లింక్ లేకపోతే ముందు ఆధార్ సెంటర్‌కి వెళ్ళి అది చేయించుకోండి. “లింక్ లేకున్నా పర్లేదు, నేను మేనేజ్ చేస్తా” అన్నవాడి దగ్గర కూర్చోవద్దు. దరఖాస్తు నంబర్ రాయించుకోండి. స్క్రీన్ మీ వైపు తిప్పించి ఫోన్ నంబర్, అకౌంట్ నంబర్ మీరే చదవండి. చదువు రాకపోతే స్కూలుకెళ్ళే పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. అందులో నామోషీ ఏం లేదు.

ఇదే సెంటర్లో కిరాణా కొట్లవాళ్ళకి ‘ఉద్యమ్ సర్టిఫికెట్ రెన్యువల్’ అని కూడా వసూలు చేస్తున్నారు. ఉద్యమ్ అంటే చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్. అది 2020 జూలై నుంచి ఉంది, పూర్తిగా ఉచితం, దానికి రెన్యువల్ అనేదే లేదు. వెతికితే ముందు కనపడే ప్రైవేట్ సైట్లు ప్రభుత్వ సైటులాగే ఉంటాయి, ఫీజు అడుగుతాయి. చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి.

మా డబ్బుల సంగతంటారా, గట్టిగా అడిగితే 500 చేతిలో పెట్టి, మిగతాది ‘పైవాళ్ళకి’ పోయిందన్నాడు. ఆర్పీ అక్క ఫోన్ నంబర్ సరిచేయించి బ్యాంకుకి ఫైలు మళ్ళీ పంపింది. లోన్ వచ్చింది, కానీ వచ్చేసరికి చిన్నమ్మ డైలీ ఫైనాన్స్ అప్పులో ఉంది. వచ్చిన 10 వేలల్లో ఎక్కువ భాగం దానికే పోయింది.

మీరు ఇప్పటికే ఎవరికైనా యూపీఐలో డబ్బు పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ డిలీట్ చేయకండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇవ్వండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. చేతికి ఇచ్చి ఉంటే ఆ కాగితం పట్టుకుని మున్సిపల్ కమిషనర్‌కి రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. మేము అప్పట్లో నోటి మాటగా చెప్పి వచ్చేశాం. సెంటర్ ఇంకా తెరిచే ఉంది.