కరెంటు స్తంభం ఫొటోకి ఫోనా, కెమెరానా?

కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, కల్వర్టు గోడలు, రంగు వెలిసిన సైన్‌బోర్డులు... రోడ్డు పక్కన ఎవరూ పట్టించుకోనివాటిని ఫొటోలు తీయడం నాకో పిచ్చి. దీనికి ఫోన్ చాలదా, కెమెరా మోయాలా అంటే అందరూ చెప్పే జవాబు ఒకటే, చేతిలో ఉన్నదే మంచి కెమెరా అని. పరిగెత్తే పిల్లాడి ఫొటోకైతే సరే. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడికి పోతుంది? రేపొచ్చినా అక్కడే ఉంటుంది. కాబట్టి నా ఓటు కెమెరాకే.

అసలు తేడా మనం నిలబడే దూరంలో ఉంది. ఫోన్ మెయిన్ లెన్స్ సాధారణంగా 24-26 మి.మీ. లెన్స్‌కు సమానం, అంటే బాగా వెడల్పైన దృశ్యం పడుతుంది. స్తంభం పెద్దగా పడాలని దగ్గరికెళ్లి ఫోన్ పైకెత్తుతాం. అంతే, అది పైకి పోయేకొద్దీ సన్నబడి వెనక్కి వాలిపోతుంది. ఎడిటింగ్‌లో నిలబెట్టొచ్చు గానీ అంచులు తెగిపోతాయి. అదే కెమెరాకి దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే 85 మి.మీ. లెన్స్ తగిలించి రోడ్డుకు ఇటువైపు దూరంగా నిలబడితే కాస్త ఎత్తితే చాలు, స్తంభం దాదాపు నిటారుగానే వస్తుంది. వెనక స్తంభాలు కూడా దగ్గరికి జరిగినట్టు వరసగా కనిపిస్తాయి. (ఫ్రేము చూసుకుంటూ వెనక్కి నడిచి రోడ్డు మీదికి వెళ్లకండి. నేను వెళ్లాను, హారన్‌కి గుండె ఆగినంత పనైంది.)

జర్మనీకి చెందిన బెర్న్ట్, హిల్లా బెకర్ అనే ఫొటోగ్రాఫర్ దంపతులు 1959 నుంచి దశాబ్దాలపాటు వాటర్ ట్యాంకులు, గనుల టవర్లను ఇలా నిటారుగానే తీశారు. వాళ్లవి పెద్ద ఫార్మాట్ కెమెరాలు, అంటే పెద్ద ఫిల్మ్ షీట్లు వాడే బరువైనవి. అంత బరువు మనకెందుకు గానీ, వాళ్లలా మబ్బు పట్టిన రోజు చూసుకుంటే చాలు. ఎండ నీడల్లో బోల్టులు, పింగాణీ ఇన్సులేటర్ల మడతలు మాయమైపోవు.

వైర్ల దగ్గర ఫోన్ అతి తెలివి చూపిస్తుంది. తెల్లటి ఆకాశం మీద సన్నటి నల్ల గీత కనబడగానే దాన్ని ఇంకా పదును పెట్టబోతుంది. జూమ్ చేసి చూడండి, ఒక్కోసారి వైరుకి రెండువైపులా తెల్ల అంచు కుట్టినట్టుంటుంది.

సిగ్నల్ లైట్లదీ ఇదే గొడవ. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట చాలా ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, అది మన కంటికి తెలీదు. మంచి ఎండలో ఫోన్ తనంతట తాను షట్టర్‌ని (వెలుతురు లోపలికొచ్చే సమయాన్ని) 1/2000 సెకనుకో ఇంకా పైకో తీసుకెళ్తే, మూడు లైట్లూ ఆరిపోయినట్టు పడొచ్చు. నాకొకసారి అలాగే పడింది, సిగ్నల్ చెడిపోయిందనుకున్నాను. కెమెరాలో షట్టర్ 1/100 పెట్టుకుంటే చాలు, ఒక మినుకు మొత్తం పడుతుంది. ఫోన్‌లో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే పెట్టుకునేది) ఉంటే, వెలుతురు తగ్గాక అక్కడా కుదురుతుంది.

రాత్రిపూట బోర్డులకు మాత్రం దేంతోనైనా ఫ్లాష్ వద్దు. వచ్చిన వెలుతురుని వచ్చిన వైపుకే తిప్పికొట్టేలా వాటి పూత ఉంటుంది. ఫోన్ ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి అక్షరాలు పోయి తెల్లటి పలక మిగులుతుంది.

ఫోన్ గెలిచే చోట్లూ లేకపోలేదు. లొకేషన్ ఆన్‌లో ఉంటే తేదీతోపాటు చోటు కూడా ఫొటోలోనే నమోదవుతుంది. పైగా ఫోన్ ఎత్తితే ఎవరూ పట్టించుకోరు. కెమెరా తీస్తే "ఎందుకు తీస్తున్నారు?" అని ఎవరో ఒకరు వచ్చేస్తారు.

అందుకే ముందు ఫోన్‌తో గుర్తుకోసం ఒకటి తీసుకుని, మబ్బు రోజు చూసి కెమెరాతో మళ్లీ వెళ్తుంటాను. నాచు పట్టి, ఏదో పాత అంకె సగం చెరిగిన కల్వర్టు ఒకటి అలాగే గుర్తుపెట్టుకున్నాను. వారం తర్వాత వెళ్తే దానికి పసుపు, నలుపు చారలు తళతళలాడుతున్నాయి. పాత కల్వర్టుకి ఇప్పుడు నా దగ్గరున్నది ఆ ఫోన్ ఫొటో ఒక్కటే, అదీ కాస్త వాలి.