ఘాటా, ఒంటిమిట్ట రోడ్డా? మళ్లీ సైకిలెక్కేవాళ్లకు ఏది మేలు

వానలు తగ్గి చలి మొదలైతే చాలు, కడపలో మూలన పడ్డ సైకిళ్లన్నీ బయటికొస్తాయి. వాటితోపాటే ఏటా అదే ప్రశ్న: "అన్నా, ఆదివారం గువ్వలచెరువు ఘాట్ ఎక్కితే పాత ఫిట్‌నెస్ తొందరగా వస్తుందా, వారంలో నాలుగు రోజులు ఒంటిమిట్ట వైపు చదునులో తొక్కితే వస్తుందా?"

ఘాట్‌ను తీసిపారేయలేం. గుండెకు, ఊపిరితిత్తులకు, తొడలకు ఒకేసారి పని పడుతుంది. వారమంతా డ్యూటీతోనే సరిపోయేవాళ్లకు మిగిలేది ఎటూ ఆదివారమే. పైగా గువ్వలచెరువు పాలకోవా ఉండనే ఉంది. ఎక్కేటప్పుడు కరిగిందంతా ఆ దుకాణం ముందే మళ్లీ ఒంటికి పట్టించుకోవచ్చు!

అయినా నా ఓటు చదును రోడ్డుకే. కారణం మోకాళ్లు. తొక్కడం మానేసిన రెండు మూడు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా, అంటే అందులోని ద్రవభాగం, తగ్గుతుంది. మొదటిరోజు ఆయాసానికి అదొక ముఖ్య కారణం. మళ్లీ మొదలుపెడితే అది త్వరగానే పుంజుకుంటుంది. ఊపిరి సర్దుకోగానే ఇక మనకు తిరుగులేదనిపిస్తుంది. కానీ మోకాలి చుట్టూ ఉన్న టెండన్లు (కండరాన్ని ఎముకకు కట్టిపట్టే పట్టీలు) అంత తొందరగా దారికి రావు, వాటికి వారాల తరబడి పడుతుంది. సరిగ్గా ఆ మధ్యలోనే ఘాట్ ఎక్కి, పెద్ద గేరులో నెమ్మదిగా, బలమంతా పెట్టి తొక్కుతాం. మర్నాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది.

చదునులో ఆ బాధ తక్కువ. చిన్న గేరు వేసి కాళ్లు చకచకా ఆడించాలి. కుడికాలు కిందికొచ్చినప్పుడల్లా లెక్కపెట్టండి, 15 సెకన్లలో 20 సార్లు వస్తే నిమిషానికి 80, అది చాలు. పక్కవాడితో మాట్లాడుతూ తొక్కగలిగేంత వేగమే ఉండాలి. ఒంటిమిట్ట దాకా పాతిక కిలోమీటర్లు, మొదట్లో భాకరాపేట నుంచే వెనక్కి తిరిగినా నష్టం లేదు. లారీలు ఈ తిరుపతి రోడ్డులోనూ తిరుగుతాయి, డిసెంబరులో ఆరు దాటితే గాని వెలుతురు రాదు. మబ్బులోనే బయల్దేరేవాళ్లు వెనక ఎర్రలైటు తప్పక పెట్టుకోవాలి.

ఇంకో మాట. ఇన్నాళ్లూ ఇంట్లో పిల్లలు తొక్కి సీటు దించేసి ఉంటారు. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. సీటు కిందికుంటే చదునులో కూడా మోకాలి ముందు భాగం నొప్పెడుతుంది.

జిమ్‌లో సైకిలు వాన రోజుకు పనికొస్తుంది, అంతే. సైకిల్ని బిగించి ఉన్నచోటే తొక్కేందుకు ఇంట్లో పెట్టుకునే ట్రైనర్ స్టాండు ఖరీదుకు మన చలికాలపు పొద్దుటి గాలి వదులుకోవడం నాకైతే ఇష్టం లేదు.

నెల రోజులు ఇలా తొక్కి, మోకాలు కిక్కురుమనకపోతే అప్పుడు ఘాట్‌కు పోండి. బయల్దేరే ముందు బ్రేకు రబ్బర్లు చూసుకోండి. ఆ మలుపుల్లో ఎక్కడం కంటే దిగడమే ప్రమాదం.